నూట పది గ్రాములు

తైక్వాండో శిక్షణశాల,
సైకిల్ మరమ్మతు దుకాణం పై అంతస్తు.
మార్చి 4.

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారం. ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. బల్ల మీద, కుర్చీ మీద, కిటికీ చువ్వల మీద పదహారు జతల కాలి తొడుగులు ఆరుతున్నాయి. కూర్చోవడానికి మిగిలినది మీ తోడల్లుడి సైకిల్ ఒక్కటే. అది కింద దుకాణంలో ఉంది.

మిడత ఎంపికైంది. మే నెలలో మీ ఊళ్లో జరిగే అంతర్జాతీయ స్త్రీ పురుషుల తైక్వాండో పోటీలకు, నలభై తొమ్మిది కిలోల విభాగంలో. నాలుగేళ్ల వయసులో మంచం మీంచి బీరువా మీదికి దూకినప్పుడు మా అమ్మాయికి ఆ పేరు పెట్టింది మీరే కనుక, ఈ కబురు మొదట మీకు చెప్పడం న్యాయం.

రెండేళ్ల కిందట ఇలాగే ఎంపికై, ప్రయాణానికి పది రోజుల ముందు మోకాలు దెబ్బతిని, ఆ పోటీలు మంచం మీద పడుకుని టీవీలో చూసింది. ఇప్పుడు దానికి ఇరవై నాలుగు. వెనకనుంచి నెట్టుకొస్తున్న పిల్లలు గట్టివాళ్లు. వాళ్లను తయారుచేస్తున్నది నేనే కనుక ఈ సంగతి నాకు ఖచ్చితంగా తెలుసు. ఇది దాటితే దానికి మళ్లీ వంతు రాదు.

పై విభాగంలో వేరే అమ్మాయి ఉంది. ఖాళీ ఉన్నది నలభై తొమ్మిదిలోనే. ప్రస్తుతం మన పిల్ల యాభై రెండు. రెండు నెలల్లో మూడు కిలోలు పెద్ద విషయం కాదు.

పోటీల వారం మీ ఇంట్లోనే దిగుతాం. పరుపులు ఎండలో వేయమని అక్కతో చెప్పండి.

మీ మరదలు


తూనికలు కొలతల తనిఖీ కార్యాలయం,
రెండో అంతస్తు.
మార్చి 13.

చి.ల.సౌ. మరదలికి ఆశీస్సులు.

విషయం: బంధుత్వాన్ని తాత్కాలికంగా నిలుపుదల చేయుట గురించి.
సూచిక: మార్చి 4 నాటి నీ ఉత్తరం.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, మిడత ఎంపికైనందుకు నేను మిక్కిలి సంతోషించాను. ఆ సంతోషం ఉదయం పదిన్నర నుంచి పదకొండు వరకు కొనసాగింది. పదకొండు గంటలకు పై అధికారి పిలిచి, సదరు పోటీలకు నన్ను తూనిక అధికారిగా నియమించినట్లు తెలిపారు. పోటీకి ముందురోజు స్త్రీలనూ పురుషులనూ ఒక్కొక్కరిగా తూచి, ఎవరు తమ విభాగపు హద్దులో ఉన్నారో, ఎవరు దాటారో ధ్రువీకరించడం నా విధి. నలభై తొమ్మిది అంటే నలభై తొమ్మిదే. నూరు గ్రాములు పైకి వెళ్లినా ఇంటికే. ఒకసారి తప్పితే గడువులోగా రెండోసారి తూచుకోవచ్చు. మూడోసారి లేదు.

పెళ్లయిన నలభయ్యో రోజున మీ నాన్నగారి దుకాణంలోని తక్కెడను స్వాధీనం చేసుకున్నవాణ్ణి నేను. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నా ముద్ర పడిన ఏ త్రాసూ తప్పు చూపలేదు. అట్టి నా మీద సొంత మనిషిని గట్టెక్కించాడన్న మాట పడరాదు. కావున నేటి నుంచి పోటీలు ముగిసే వరకు మన మధ్య బంధుత్వం నిలిపివేయబడినది. మీరు క్రీడాకారుల వసతి గృహంలోనే దిగవలెను. ఎదురుపడినా పలకరింపులు ఉండవు. చెప్పవలసినది ఉంటే ఉత్తరం రాయవచ్చును. అందులోనూ బరువు ప్రస్తావన ఉండరాదు.

మీ అక్క ఇది చదివి, "బంధుత్వం ఆపేస్తే మరి ఈ ఇంట్లో నేనెవర్ని?" అని అడిగింది. ఆ ప్రశ్న పరిశీలనలో ఉన్నది.

ఇట్లు,
నీ బావ (నిలుపుదలలో)


శిక్షణశాల, పై అంతస్తు.
ఏప్రిల్ 11.

ప్రస్తుతానికి ఏమీ కాని బావగారికి,

మీ ఆదేశం అందింది. గోడకు అంటించాం. మీ తోడల్లుడు దాన్ని రెండుసార్లు చదివి, కిందికి వెళ్లి, ఎవరూ అడగకపోయినా ఒక సైకిల్ చక్రం విప్పి మళ్లీ బిగించారు. ఆయన కోపం ఎప్పుడూ ఇలా ఉపయోగకరంగానే ఉంటుంది.

బరువు గురించి రాయవద్దన్నారు కనుక రాయను. ఒక వస్తువు గురించి రాస్తాను. ఆ వస్తువు యాభై పాయింట్ ఆరు దగ్గర ఆగిపోయింది. పది రోజులుగా కదలనంటోంది. ఉదయం పరుగెత్తుతుంది, మధ్యాహ్నం దుకాణంలో చువ్వలు బిగిస్తుంది, సాయంత్రం నా మీదే కాళ్లు విసురుతుంది. ఇంట్లో తిండి తగ్గించింది అదొక్కతే అయినా తక్కినవాళ్లం దొంగల్లా తింటున్నాం. నిన్న మీ తోడల్లుడు మెట్ల కింద అరటిపండుతో పట్టుబడ్డారు. పట్టుకున్నది మిడతే. తొక్క ఎక్కడ వేయాలో చూపించింది.

మొన్న నన్ను అడిగింది: "అమ్మా, నన్ను తూచేటప్పుడు పెదనాన్న నవ్వుతాడా?"

నవ్వడని చెప్పాను.

"ఎవరికీ నవ్వడు కదా. అయితే సరే" అంది.

మార్చిలో మూడు కిలోలు పెద్ద విషయం కాదని రాశాను. అది శిక్షకురాలు రాసిన మాట. తల్లిని అడిగి ఉంటే వేరేగా రాయించేది.

మీ మరదలు


తూనిక గది, ఇండోర్ స్టేడియం.
మే 9.

చి.ల.సౌ. మరదలికి,

నీ ఉత్తరంలో 'వస్తువు'కు సంబంధించిన భాగం నేను చదవలేదు. చదవకుండా ఉండడానికి దాని మీద తెల్లకాగితం అంటించాను. మీ అక్క ఆ కాగితం ఊడదీసి, వంటగదిలోంచి నాకు వినపడేలా చదివింది. వినడం చదవడం కిందికి రాదని ప్రస్తుతానికి నా అభిప్రాయం.

ఇక్కడి ఏర్పాట్లు సంతృప్తికరము. యాభై ఎనిమిది దేశాలు వస్తున్నాయి. ఎలక్ట్రానిక్ త్రాసు ఒక్కటే. మనుషులు నిలబడే పలక తెర వెనుక ఉంటుంది. అక్కడ స్త్రీల వంతులో ఒక ఉద్యోగిని, పురుషుల వంతులో ఒక ఉద్యోగి ఉంటారు. అంకె మాత్రం తీగ ద్వారా తెర ఇవతల నా బల్ల మీద కనపడుతుంది. నాకు మనుషులు కనపడరు, అంకెలే కనపడతాయి. ఇంత ఆదర్శప్రాయమైన గదిని నేను నా సర్వీసులో చూడలేదు.

త్రాసును పరీక్షించిన పిమ్మట మా శాఖ ఇత్తడి బిళ్లను తీగతో, సీసపు ముద్రతో బిగించడం రివాజు. మామూలుగా దాన్ని త్రాసు కింది చట్రానికి, ఎవరి కంటా పడని చోట బిగిస్తాం. ఈసారి నిలబడే పలక ముందంచుకే బిగించాలని నిశ్చయించాను. యాభై ఎనిమిది దేశాలవారు తమ కాలివేళ్లకు ఎదురుగా మా ముద్రను చూడాలి. మా పై అధికారి అభ్యంతరం చెప్పలేదు. విన్నట్టు కూడా లేరు.

నా అనుమతి లేనిదే ఆ త్రాసు మీద ఏ మీటనూ ఎవరూ ముట్టుకోరాదని నోటీసు అతికించాను.

ఇట్లు,
తూనిక అధికారి


క్రీడాకారుల వసతి గృహం, గది 214.
మే 16.

తూనిక అధికారిగారికి,

ఈ ఉత్తరం వార్డెనమ్మ చేత పంపుతున్నాను. మీరు రోడ్డుకు అవతల ఉన్నారు, నేను ఇవతల ఉన్నాను, మధ్యలో ఆవిడ. "ఇద్దరూ అరిస్తే వినపడే దూరమే కదమ్మా" అంది. మీ నియమం వివరించాను. మీకు ఏదైనా జబ్బా అని అడిగింది.

ఇవాళ క్యాంటీన్‌లో నన్ను చూసి గోడవైపు తిరిగారు. ఆ గోడకు అద్దం ఉంది బావగారూ. భోజనమంతా మనం ఒకరినొకరం చూసుకుంటూనే చేశాం.

వస్తువు నలభై తొమ్మిది పాయింట్ నాలుగు. రేపే తూనిక. రాత్రికి తగ్గుతుంది. తగ్గాలి.

మీ మరదలు


తూనిక గది బయటి బెంచీ.
మే 17, మధ్యాహ్నం మూడు గంటలు.

చి.ల.సౌ. మరదలికి,

విషయం: నేటి ఉదయపు సంఘటనలపై నివేదిక.

తూనిక తొమ్మిదికి మొదలైంది. పన్నెండుకు ముగియవలసి ఉన్నది. స్త్రీలకు అరగంట, పురుషులకు అరగంట చొప్పున వంతులు. మిడత పది గంటల అయిదు నిమిషాలకు మొదటిసారి నిలబడింది. అంకె: 49.2. బయటికి వెళ్లి, ప్లాస్టిక్ కోటు వేసుకుని తాడాట ఆడి, పదకొండు గంటల పది నిమిషాలకు రెండోసారి నిలబడింది. అంకె: 49.1. 'అనర్హురాలు' అని రాశాను. చేతిరాత ఎప్పటిలాగే ఉన్నది. మన బంధుత్వం ఎరిగిన పక్క ఉద్యోగి చూసి, నేను దేవుడిలాంటి మనిషినన్నాడు.

ప్రతి యాభైమంది తరువాత ప్రామాణిక రాయి పెట్టి త్రాసును సరిచూడడం నా పద్ధతి. పదకొండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు ఇరవై కిలోల రాయి పెట్టించగా 20.1 చూపినది. కారణం విచారించగా, ఉదయం త్రాసును సున్నాకు తెచ్చి, పరీక్ష పూర్తిచేసిన పిమ్మట, నేను స్వహస్తాలతో నిలబడే పలకకు బిగించిన ఇత్తడి బిళ్ల, తీగ, సీసం కలిసి నూట పది గ్రాములని తేలినది. ఉదయం నుంచి అందరూ మా శాఖ ముద్రతో సహా తూగారు. త్రాసు దానంతట అది సరిదిద్దుకోవడానికి ఎవరైనా మీట నొక్కి ఉండవలసినది. మీట ముట్టుకోరాదని నోటీసు ఉన్నది.

నేను వెంటనే మైకు తీసుకుని ప్రకటించాను. తప్పు నాదని, లాభపడేవారిలో మా మరదలి కూతురు ఉన్నదని, రెండూ చెప్పాను. నాలుగు నిమిషాలు మాట్లాడాను. అనువాదకుడు దాన్ని ఇతర దేశాలవారికి నాలుగు మాటల్లో ముగించాడు: "తప్పు చేసింది ఈయనే."

పోటీల సంచాలకురాలు గడువును ఒంటిగంట వరకు పొడిగించి, నా మెడలోని బ్యాడ్జీ తీయించి, బిళ్ల విప్పించి, ఉదయం తూగినవారిని మళ్లీ తూచే పనినీ, తక్కిన తూనికనూ మరొకరికి అప్పగించారు. బంధువునని నేనే చెప్పినందున, మిడత అంకెను చదవడానికి రెండు వేరే దేశాల శిక్షకులను నిలబెట్టారు. ఆ అంకె నేను చూడలేదు. నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు.

దయచేసి ఆ అంకె తెలియజేయగలవు.

ఇట్లు,
నీ బావ


శిక్షణశాల, పై అంతస్తు.
మే 25.

బావగారికి,

ఆ అంకె నలభై తొమ్మిది పాయింట్ సున్నా. మీరు బెంచీ మీద రాస్తున్న సమయానికి లోకమంతటికీ తెలుసు. అక్క మీ వెనకే నిలబడి మూడుసార్లు చెప్పిందట. అధికారిక సమాచారం కాదని మీరు ఒప్పుకోలేదట.

తెర అవతలి సంగతి మీకు తెలియదు, చెబుతాను. రెండోసారి తప్పాక మిడత గోడ పక్కన కూలబడింది. నీళ్ల సీసా ఇచ్చాను. ముందురోజు నుంచి చుక్క తాగలేదు. మూత తీసింది. తాగవే అన్నాను. "ఏడుపయ్యాక తాగుతా. రెండూ ఒకేసారంటే పొలమారుతుంది" అంది. నాకు ఏం చేయాలో తోచక దాని కాలి తొడుగులు మడత పెట్టాను, విప్పి మళ్లీ మడత పెట్టాను. ఏడుపు అయిపోయింది. ముక్కు తుడుచుకుని సీసా నోటిదాకా తెచ్చింది. అప్పుడు మైకులో మీ గొంతు వినపడింది. ఎవరో పోయారనుకున్నాం. ఒక్క గుక్క తాగి ఉంటే నలభై తొమ్మిది పాయింట్ ఒకటి నిజంగానే అయ్యేది.

ఆ సీసా వృథా కాలేదు. మగవాళ్ల అన్నిటికన్నా పెద్ద విభాగంలో ఎనభై ఏడు దాటితేనే ఆడనిస్తారు. అందులో ఒక మహాకాయుడు ఉదయం 87.1 తూగి హాయిగా కూర్చున్నాడు. మీ బిళ్ల తీసేసరికి సరిగ్గా ఎనభై ఏడు అయ్యాడు. అంతమంది సన్నబడాలని ఏడుస్తున్న గదిలో సన్నబడ్డానని ఏడ్చింది అతనొక్కడే. మిడత సీసా అతని చేతిలో పెట్టింది. రెండు గుక్కల్లో ఖాళీ చేసి, పలకెక్కి, దిగి, దానికి వంగి దండం పెట్టాడు.

ఇక పోటీ. మీరు చూశారు కానీ ఏం చూశారో నాకు అనుమానమే. బ్యాడ్జీ పోయింది కనుక మామూలు ప్రేక్షకుడిగా వచ్చి కూర్చున్నారు, బాగుంది. అయితే మొదటి ఆటలో మొదటి రౌండంతా మీరు కుర్చీ ఎక్కి "నీలం! కొట్టు నీలం!" అని అరిచారు. మిడత ఎరుపు. తలకు టోపీ, ఒంటికి కవచం ఉంటే పోల్చుకోలేరని తెలుసు, కానీ వీపు మీద పేరుంది. నీలం అమ్మాయి శిక్షకుడు విరామంలో మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి చేయి కలిపాడు. మీరు కలిపారు కూడా.

క్వార్టర్ ఫైనల్ మూడో రౌండులో పదకొండు సెకన్లు మిగిలి ఉండగా మనం నాలుగు పాయింట్లు వెనక. అది తిరుగుతూ తలకు తన్నింది. ఆ తన్నుకు అయిదు పాయింట్లు. బోర్డు మీద అంకె పడలేదు. నేను కార్డు ఎత్తి వీడియో చూడమన్నాను. వాళ్లు చూస్తున్నంతసేపూ మిడత నావైపు చూడలేదు, పైన మీవైపు చూసింది. మీరు రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఉన్నారు. అది నవ్వింది. అంకె పడింది.

సెమీ ఫైనల్లో ఓడిపోయింది. ఓడించిన అమ్మాయే చివరికి స్వర్ణం గెలిచింది. మనది కాంస్యం. పతకం ఇప్పుడు కింద దుకాణంలో, పంపు పక్కన మేకుకు వేలాడుతోంది. గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మీ తోడల్లుడు రెండు చక్రాలకూ కొట్టేంతసేపు కథ చెబుతున్నారు. ఒక చక్రమే దిగినా రెండిటికీ కొడుతున్నారు.

మిమ్మల్ని అందరూ మెచ్చుకుంటున్నారు. తప్పు కనపడిన క్షణమే లేచి ఒప్పుకున్న మనిషి అని. నేనూ.

మీ మరదలు


ఇల్లు, వెనక గది.
మే 31.

చి.ల.సౌ. మరదలికి,

దీనికి విషయం, సూచిక లేవు.

మే 17 నాటి నివేదికలో ఒక అంకె తప్పు. ప్రామాణిక రాయి పెట్టించినది పదకొండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు కాదు, ఇరవైకి. ఎనిమిది నిమిషాలు నేను కుర్చీలోనే ఉన్నాను. క్యూలో ఉన్నవారికి విరామమని చెప్పించాను.

ఎందుకని అడుగుతావు. మనవాళ్లను గట్టెక్కించాడని అంటారేమోనని భయపడ్డానని రాస్తే సులువుగా ఉంటుంది. భయం రెండు నిమిషాలే. తక్కిన ఆరు నిమిషాలు వేరు. సొంత కూతురులాంటి పిల్లను నూరు గ్రాముల కోసం వెనక్కి పంపిన అధికారి అని ఈ శాఖలో తరతరాలు చెప్పుకుంటారు, నేను మాట్లాడకపోతే చాలు. మీ నాన్నగారి తక్కెడ కథ కంటే పెద్దది. పక్క ఉద్యోగి అప్పటికే దేవుడన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

తరువాత తెర కిందినుంచి ఎవరివో రెండు పాదాలు కనపడ్డాయి. మిడతవి కావు. ఎవరో మరో పిల్లవి. వేళ్ల మీద నిలబడి ఉన్నాయి, బరువు తగ్గుతుందన్నట్టు. అప్పుడు లేచాను.

సీసా సంగతి నీ ఉత్తరంలో చదివిన దగ్గరనుంచి అన్నం సయించడం లేదు. ఆ పిల్ల కాస్త తొందరగా ఏడ్చి ఉంటే ఏమయ్యేది? శాఖవారికి ఇచ్చిన వివరణలో ఈ ఎనిమిది నిమిషాలూ చేర్చి సవరణ పంపాను. మీ అక్కతో చెప్పాను. నీతోనూ, మిడతతోనూ చెప్పకపోతే ఆ వివరణ పూర్తికాదు.

ఇట్లు,
నీ బావ


శిక్షణశాల, పై అంతస్తు.
జూన్ 6.

బావగారికి,

ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరికీ చూపలేదు. కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. మీ తోడల్లుడిలా ఏదైనా విప్పి బిగిద్దామంటే నాకు ఆ పని రాదు.

మూడో రోజు మిడతకు చదివి వినిపించాను. చువ్వ బిగిస్తూ విన్నది.

"ఎనిమిది నిమిషాలా?" అంది. చువ్వను మరో చుట్టు తిప్పింది. "నేనైతే పది నిమిషాలు కూర్చునేదాన్ని. అయినా వదలకూడదు, పెదనాన్న కదా."

దాని తీర్పు: మీరు ఎనిమిది నిమిషాలు తాడాట ఆడాలి. ప్లాస్టిక్ కోటు మినహాయించింది, మీ వయసు దృష్ట్యా. అక్క గడియారం పట్టుకుని సాక్షిగా ఉండాలి. ఒక్కరోజు చాలు.

మరో సంగతి. కాంస్యం వచ్చింది కనుక వచ్చే ఏడాది పోటీలకు దాన్ని ఎంపికలతో పనిలేకుండా నేరుగా పిలిచారు. పై విభాగంలోకే వెళ్తానంటోంది. నేను సరేనన్నాను. ఇంట్లో అందరం కూర్చుని తింటున్నాం.

మీ మరదలు


ఇల్లు, మేడ మీద.
జూన్ 15.

చి.ల.సౌ. మరదలికి ఆశీస్సులు.

విషయం: శిక్ష అమలు గురించి.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, జూన్ 10 ఉదయం ఏడు గంటలకు మీ అక్క సమక్షంలో శిక్ష అమలైనది. ఎనిమిది నిమిషాల్లో గెంతినవి పద్నాలుగు. మిగిలిన సమయం తాడును పాదాల నుంచి విడదీయడానికి సరిపోయినది. కింది వాటాలోని ఫొటోగ్రాఫర్ పైకి వచ్చి, కారణం తెలుసుకుని, కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ఒక్కరోజు చాలని తీర్పులో ఉన్నను, పద్నాలుగు అనే సంఖ్య నా పేరున మిగిలిపోవడం సమ్మతం కాక, నేటికి ఆరో రోజు గెంతుతున్నాను. నేటి సంఖ్య ముప్పై తొమ్మిది. లెక్క మీ అక్కది. నేను ముప్పై అయిదే అన్నాను. నా లెక్క ఇకపై చెల్లదన్నది.

శాఖ నుంచి ఉత్తర్వు వచ్చినది. రెండేళ్లపాటు నన్ను ఏ క్రీడల విధులకూ పంపరాదట. కనుక వచ్చే ఏడాది పోటీలకు నేను ఏ బ్యాడ్జీ లేకుండా, పూర్తి బంధువు హోదాలో, అరవడానికి హాజరవుతున్నాను. మిడత ప్రతి ఆటకూ ముందు తాను ఏ రంగులో దిగుతున్నదీ లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరడమైనది.

ఇట్లు,
మీ బావ, పెదనాన్న